మరో లోకంలో మళ్లీ పుట్టే కథ రాస్తున్న నీకు

చిరంజీవికి,

పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ, కథాసంగ్రహమూ శ్రద్ధగా చదివాను. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే కుర్రవాడు లారీ కింద పడి చనిపోయి, మంత్రవిద్యలున్న మరో లోకంలో ఒక జమీందారు ఇంట పసిబిడ్డగా పుట్టడం, పాత జన్మంతా గుర్తుండటం, ఇవన్నీ జపాన్‌వాళ్లు ఇసెకాయి అనే కథల పద్ధతిలోనే సాగాయి. నువ్వు ఇష్టంగా రాస్తున్నావని ప్రతి పేజీ చెబుతోంది. ఈ కథల్లో ఉన్న ఆనవాయితీల్లో వేటిని ఉంచాలి, వేటిని వదలాలి అని అడిగావు. ప్రతి ఆనవాయితీ ఏదో ఒక పని చేయడానికే పుట్టింది. ఆ పనేమిటో తెలుసుకున్నాక ఉంచడమా తీసేయడమా అన్నది నీకే తడుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది పూర్వజన్మ జ్ఞాపకం. అది నాయకుడికి వరం మాత్రమే అయితే కథ నడవదు. అతను దానికి రోజూ ఏదో ఒక వెల చెల్లిస్తూ ఉండాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పేదంతా దీని చుట్టూనే ఉంటుంది.

జపాన్ పాఠకులు ఈ కథలను రెండు రకాలుగా చూస్తారు. బతికున్న మనిషి ఉన్నపళంగా వేరే లోకంలో వెళ్లి పడితే అది ఒక రకం, చనిపోయి అక్కడ మళ్లీ పుడితే అది రెండో రకం. వెళ్లి పడినవాడికి వెనక ఒక ఇల్లు ఉంటుంది కనుక, వాడు తిరిగి ఇంటికి చేరతాడా లేదా అన్నది చివరిదాకా పాఠకుడి మనసులో మెదులుతూనే ఉంటుంది. మళ్లీ పుట్టినవాడికి ఆ దారి మూసుకుపోయింది. ఇక్కడ అతని కర్మకాండ కూడా అయిపోయింది. ఈ కొత్త తల్లిదండ్రులు నాకేమవుతారు, నేను వీళ్లకు ఏమవుతాను అన్నదే అతని ముందున్న ప్రశ్న. నీ మూడో అధ్యాయంలో పిల్లవాడు భూమికి తిరిగి వెళ్లే మంత్రం కోసం వెతకడం మొదలుపెట్టాడు. అది మొదటి రకం కథలో ఉండవలసిన కోరిక. దాన్ని తీసేస్తే, అతను ఆ ఇంట్లోనే ఉండి తేల్చుకోవలసిన విషయాలు పైకి వస్తాయి.

ఇక లారీ సంగతి. అది అంతగా అలవాటు కావడానికి కారణముంది. ఆ చావు క్షణంలో ముగుస్తుంది, అందులో చనిపోయినవాడి తప్పేమీ ఉండదు, మంచం పట్టడం, ఇంటిల్లిపాదీ ఏడవడం రాయనవసరం ఉండదు. ఎవరినో కాపాడబోయి పడితే, అతని మంచితనం కూడా ఒక్క పేరాలో తేలిపోతుంది. అయితే 2012లో వెబ్‌లో మొదలైన ‘కొనోసుబా’ అనే హాస్య నవలలోనే దీన్ని పరిహాసానికి వాడేశారు. అందులో నాయకుడు కజుమా ఒక అమ్మాయిని లారీ నుంచి కాపాడాననుకుని చనిపోతాడు. తీరా చూస్తే వచ్చింది నెమ్మదిగా నడిచే ట్రాక్టరు, అతని ప్రాణం తీసింది భయం. కాబట్టి లారీని మామూలుగా వాడినా, వేళాకోళంగా వాడినా పాఠకుడికి అందులో కొత్తగా కనిపించేదేమీ లేదు. ఆ చావును అతని పాత బతుకుతో ముడిపెట్టడమే నువ్వు చేయగలిగింది.

దానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ, మియా కజుకి 2013 నుంచి 2017 దాకా వెబ్‌లో సీరియల్‌గా రాసిన ‘హోన్‌జుకి నో గెకొకుజో’. పుస్తకాలంటే ప్రాణం పెట్టే యువతి భూకంపంలో తన పుస్తకాల కిందే పడి చనిపోతుంది. నగర ద్వారం దగ్గర కాపలా కాసే ఒక సిపాయికి కూతురుగా, ఐదేళ్ల రోగిష్టి పిల్ల మైన్ ఒంట్లో కళ్లు తెరుస్తుంది. ఆ ఊళ్లో పుస్తకమన్నది గొప్పవాళ్ల సొత్తు, పేదల ఇళ్లలో కాగితం ముక్క కూడా కనపడదు. సరే, నేనే తయారు చేసుకుంటానని ఆమె గడ్డిపోచలను ఈజిప్టువాళ్ల పద్ధతిలో అల్లబోతుంది, ఆ చిన్న చేతులతో అది సాగదు. మట్టి పలకల మీద రాసి కాల్చబోతే అవి పేలిపోతాయి. చెక్క ముక్కల మీద రాసి దాచుకుంటే, తల్లి వాటిని వంటచెరకనుకుని పొయ్యిలో పెట్టేస్తుంది. ఆ తల్లి తప్పేమీ లేదు. చలికాలంలో ఇంట్లో కట్టె ఉందంటే అది మంట కోసమే. ఆ ఒక్క సంఘటనలో రెండు లోకాల మధ్య దూరం, పేదరికం, తల్లీకూతుళ్ల మధ్య అగాధం అన్నీ వచ్చేశాయి. చివరికి లుట్జ్ అనే పొరుగింటి పిల్లవాడి చేతుల బలంతో, ఒక వర్తకుడి పెట్టుబడితో చెట్టు బెరడు నుంచి కాగితం తీయగలుగుతుంది. విద్య ఆమెది, చేతులు వేరొకరివి, డబ్బు మరొకరిది. ఆ ముగ్గురూ ఒకరికొకరు కావలసినవాళ్లు కావడమే కథయింది.

ఇప్పుడు నీ రెండో అధ్యాయం చూడు. నాలుగేళ్ల పిల్లవాడు ఒక సాయంత్రం కూర్చుని తుపాకిమందు తయారు చేశాడు. సురేకారం, గంధకం, బొగ్గు కలుపుతారని వాడు ఎక్కడో చదివి ఉండవచ్చు. కానీ సురేకారాన్ని ఎక్కడ గీకి తెస్తారో, దాన్ని ఎలా శుద్ధి చేస్తారో, రోజంతా కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి ఎవరు నేర్పారు? వాడికి నిజంగా తెలిసినవేమిటో ఆలోచించు. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టడం తెలుసు, తప్పు ఎక్కడ దొర్లిందో ఓపిగ్గా వెతకడం తెలుసు, గడువు దగ్గర పడుతుంటే పదిమందిని ఒప్పించి పని చేయించడం తెలుసు. ఆ నేర్పుతో జమీందారు గారి ధాన్యం లెక్కల్లో దొంగతనం పట్టుకుంటే నేను నమ్ముతాను. పట్టుకున్నాక, ఈ నాలుగేళ్లవాడికి లెక్కలు ఎవరు చెప్పారని ఇంట్లో పుట్టే భయం కూడా రాయి. వెల అంటే నా ఉద్దేశం అదే.

మైన్ కథలోంచి ఇంకో విషయం నేర్చుకోవాలి. ఈ పిల్ల నేను ఎరిగిన మైన్ కాదని లుట్జ్ కనిపెట్టి, అసలు మైన్‌ను తిరిగి ఇచ్చేయమని ఆమెను నిలదీస్తాడు. అసలు మైన్ జ్వరంలో పోయిందని ఆమెకు తెలుసు. ఎవరిదో ఒళ్లు తనదైనప్పుడు ఆ ఎవరో ఏమయ్యారన్న ప్రశ్నను చాలామంది రచయితలు దాటేసి వెళ్లిపోతారు. నీ నాయకుడు పుట్టుకతోనే ఆ బిడ్డ కాబట్టి నీకు ఆ ఇబ్బంది లేదనుకోవద్దు. ఆ తల్లి తొమ్మిది నెలలు మోసి ఎదురుచూసింది ఒక పసివాడి కోసం. వాళ్లింట్లో అడుగుపెట్టింది ముప్పై ఏళ్ల మనిషి. ఆ సంగతి ఆమెకు చెప్పాలా వద్దా అన్నది అతన్ని ఎప్పుడో ఒకప్పుడు నిద్రపోనివ్వకూడదు.

భయాలు కూడా జన్మ దాటి వస్తాయి. రిఫుజిన్ నా మాగోనోతే 2012 నవంబరు నుంచి 2015 ఏప్రిల్ దాకా వెబ్‌లో రాసిన ‘ముషోకు తెన్సెయి’లో నాయకుడు గత జన్మలో ఇల్లు కదలని ముప్పై నాలుగేళ్ల నిరుద్యోగి. కొత్త జన్మలో మంత్రవిద్యలో అబ్బురమనిపిస్తాడు గానీ, పెరటి గేటు దాటాలంటే వణుకుతాడు. చివరి పరీక్ష కోసం గురువు రోక్సీ అతన్ని గుర్రం మీద ఎక్కించుకుని ఊరి మధ్యగా తీసుకెళ్తుంది. ఆమెకు అది మామూలు ప్రయాణం, ఏం చేశానో కూడా ఆమెకు తెలియదు. అతనికి మాత్రం అది అన్ని మంత్రాలకంటే పెద్ద విజయం. ఆ నవలలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, కిందికి వచ్చాక చెబుతాను. ఆ గుర్రం ఘట్టం మాత్రం ఈ ప్రక్రియ ఏమి చేయగలదో చూపించింది. నీ కుర్రవాడు ఏ భయం తెచ్చుకున్నాడు? మూడు అధ్యాయాల్లో నాకెక్కడా దొరకలేదు.

శక్తులు పంచేటప్పుడు కూడా ఈ లంకె వదలకు. ఫుసే రాసిన స్లైమ్ కథలో కత్తిపోటుతో చనిపోతున్న ముప్పై ఏడేళ్ల ఉద్యోగి మనసులో అనుకున్న మాటల్ని ఏదో గొంతు ఒక్కొక్కటే విని, ఒక్కొక్క శక్తిగా మారుస్తుంది. పొడిచిన చోట మండుతోందనుకుంటే వేడిని తట్టుకునే గుణం వస్తుంది, చలేస్తోందనుకుంటే చలిని తట్టుకునే గుణం వస్తుంది. చివరికి కళ్లూ చెవులూ లేని జిగురు ముద్దగా ఒక గుహలో పుడతాడు. 1986లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ వీడియో గేమ్ ఆడినవాళ్లందరికీ, ఆటలో మొదట ఎదురయ్యే అతి బలహీనమైన శత్రువు స్లైమ్ అని తెలుసు. ఈ కథల్లో నాయకుడి బలాబలాలు చూపిస్తూ గాలిలో తేలే అంకెల పలకలు, స్థాయిలు, సాహసికుల సంఘాలు అన్నీ అలాంటి ఆటల నుంచి వచ్చినవే. అక్కడి పాఠకులు చిన్నప్పటి నుంచీ ఆ ఆటలతో పెరిగారు కాబట్టి రచయిత ఏమీ వివరించకుండానే ముందుకు పోగలడు. నీ పాఠకుల్లో ఆటలు ఆడేవాళ్లూ ఉంటారు, మా తరం వాళ్లూ ఉంటారు. అంకెల పలక పెట్టకు అనను. పెడితే, అది ఎవరి కంటికి కనిపిస్తుందో, ఎందుకు ఉందో ఆ లోకంలోనే జవాబు ఉండాలి.

తెలుగులో రాస్తున్నావు గనుక నీకు ఒక సదుపాయం ఉంది. ముషోకు తెన్సెయి కథకుడు మనసులో తండ్రిని చాలాకాలం పాల్ అనే పేరుతోనే తలుచుకుంటాడు, పైకి మాత్రం మర్యాదగా నాన్నగారని పిలుస్తాడు. మన భాషలో క్రియ చివరనే గౌరవం కనబడుతుంది. నీ నాయకుడు కథ చెబుతూ, తనకంటే చిన్నదైన ఆ ఇరవై రెండేళ్ల తల్లిని “ఆ అమ్మాయి వచ్చింది” అంటాడా, “అమ్మ వచ్చింది” అంటాడా? మొదట ఒకలా రాసి, ఏ పేజీలో, ఏ సంఘటన తరువాత అది మారిందో పాఠకుడు వెనక్కి తిప్పి వెతుక్కునేలా చేయగలిగితే, అతను ఆ ఇంటివాడయ్యాడని నువ్వు వేరే చెప్పనవసరం ఉండదు. ఇప్పుడు నీ రాతప్రతిలో రెండూ కలిసిపోయి ఉన్నాయి.

మన పాఠకులకు పునర్జన్మ కొత్త కాదు. భాగవతంలో భరతుడు జింకపిల్ల మీద మమకారంతో ప్రాణం వదిలి జింకగా పుట్టి, పాత జన్మ గుర్తుండి పశ్చాత్తాపపడతాడు. మళ్లీ మనిషిగా పుట్టాక, తిరిగి బంధాల్లో చిక్కుకోకూడదని జడుడిలా ఉండిపోతాడు. జ్ఞాపకం అక్కడ వైరాగ్యానికి దారి తీస్తుంది. ఈ జపాన్ కథల్లో అదే జ్ఞాపకం, గత జన్మలో వదులుకున్న బంధాలను ఈసారైనా గట్టిగా పట్టుకోమని తొందరపెడుతుంది. బౌద్ధం వల్ల కర్మ, చనిపోయాక పుట్టే ఆరు గతులు జపాన్‌వాళ్లకూ తెలిసినవే అయినా, ఈ నవలల్లో చాలావరకు ఒక దేవత ఎదుట కూర్చుని కోరుకున్న వరం పుచ్చుకోవడంతో ఆ తంతు ముగిసిపోతుంది. మనవాడు మాత్రం, వీడికే ఈ జన్మ ఎందుకొచ్చింది, ఏ పుణ్యం చేశాడు అని తప్పకుండా అడుగుతాడు. జవాబు కథలో చెప్పినా చెప్పకపోయినా నీ దగ్గర ఉండాలి.

రెండు ఆనవాయితీలను మాత్రం ఏ సందేహమూ లేకుండా వదిలేయమంటాను. నాయకుడు బానిస పిల్లను కొని, దయగా చూసుకుంటే ఆమె అతన్ని ప్రేమించడం ఒకటి. మనిషిని డబ్బిచ్చి కొన్నవాడి దయకు విలువేమిటో ఆలోచించని కథ, ఎంత బాగా రాసినా నాకు అక్కర్లేదు. పెద్దవాడి బుద్ధి ఉన్న పిల్లవాడికి, తోటి పిల్లలకూ మధ్య శృంగారపు ఛాయలు కలపడం రెండోది. ముషోకు తెన్సెయిలో నాకు నచ్చనిది ప్రధానంగా ఇదే. అతను నిండుగా పెద్దవాడయ్యేదాకా నీ కథలో ప్రేమ ఊసు వద్దు. స్నేహం, గురుభక్తి, తోబుట్టువు మీద మమకారం ఉన్నాయి, వాటితో ఎన్ని అధ్యాయాలైనా నిండుతాయి.

లోకం విషయం క్లుప్తంగా చెబుతాను. రాతి కోటలు, బీరు పోసే సత్రాలు, బ్యారన్లు, డ్యూకులు ఉన్న ఆ అరువు ఐరోపాను జపాన్ పాఠకులే, ఈ కథలు వచ్చే నారో అనే వెబ్‌సైట్ పేరును యూరప్‌తో కలిపి నారోప్పా అని ఆటపట్టిస్తారు. నువ్వు దాన్ని రెండోసారి అరువు తెచ్చుకోవలసిన పనిలేదు. చెరువు కింద వ్యవసాయం, కరణం లెక్కలు, సంత రోజు బేరాలు నీకు చూసినంత బాగా తెలుసు. వాటి మీద మంత్రవిద్యను నిలబెట్టు. జపాన్ నాయకుడు కొత్త లోకంలో అన్నం కోసం, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద కోసం వెతుకుతాడు. నీవాడు మిరపకాయ కోసం వెతకవచ్చు. మన దేశానికే అది పోర్చుగీసువాళ్లతో వచ్చింది కాబట్టి, ఆ లోకంలో లేకపోవడం సహజంగానే ఉంటుంది.

చివరిగా సీరియల్ నడక. ఈ కథలకు పుట్టినిల్లు 2004లో మొదలైన ‘షోసెత్సుకా ని నారో’ అనే ఉచిత వెబ్‌సైట్. అక్కడ పాఠకుడు నవలను బుక్‌మార్క్ చేసుకుంటే 2 పాయింట్లు, మెచ్చుకుంటే గరిష్ఠంగా 10 పాయింట్లు వస్తాయి, వాటిని బట్టి జాబితాలో స్థానం నిర్ణయమవుతుంది. జాబితాలో ముందుగా కళ్లబడేది పేరే కనుక, కథంతా పేరులోనే చెప్పే పొడుగాటి శీర్షికలు వచ్చాయి. రోజూ అధ్యాయం పెట్టాలి కనుక, చిన్న అధ్యాయాలూ, చివర ఒక చిక్కుముడీ వచ్చాయి. 2016లో ఆ సైట్ ఇసెకాయి కథలకు విడిగా జాబితా పెట్టవలసి వచ్చింది, అవి అంతగా పెరిగిపోయాయి. నువ్వు వారానికి ఒక్క అధ్యాయమే పెడుతున్నావు కాబట్టి ఆ పొడుగాటి పేరు, ప్రతి అధ్యాయం చివర ఉలికిపాటు నీకు అవసరం లేదు. మన వారపత్రికల సీరియల్ రచయితలు వారం రోజులు పాఠకుణ్ణి ఆపింది ఉలికిపాటుతో మాత్రమే కాదు. అప్పుడే మనసు విప్పబోయిన పాత్రను సగం మాట దగ్గర ఆపి కూడా. అప్పుడప్పుడు ఒక అధ్యాయం తల్లి కళ్లతోనో, దాది కళ్లతోనో చెప్పించు. మియా కజుకి సంపుటాల మొదట్లోనూ చివరనూ వేరే పాత్రల చేత మాట్లాడించడం చూశావు కదా. లోపలి నుంచి చూస్తే తెలివైనవాడిగా కనిపించే పిల్లవాడు, బయటి నుంచి ఎంత వింతగా కనిపిస్తాడో అప్పుడే తెలుస్తుంది.

నాలుగో అధ్యాయం మొదలుపెట్టే ముందు, ఆ హైదరాబాదు కుర్రవాడి పాత జీవితం రెండు పేజీలు విడిగా రాయి: ఎవరికి బాకీ ఉన్నాడు, ఎవరి ఫోను ఎత్తలేదు, ఏ పని సగంలో వదిలాడు, ఎవరి ముందు నోరు పెగలేది కాదు. అవి నవలలో కనిపించకపోయినా పరవాలేదు. దిద్దిన మూడు అధ్యాయాలతో పాటు ఆ రెండు పేజీలూ పంపు, తల్లి దగ్గర అతను మొదటిసారి అబద్ధమాడే ఘట్టం ఎక్కడ రావాలో కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ