విగ్గు పెట్టుకుంటే మోసం చేసినట్టా?

ప్రశ్న: మా అక్కకు రొమ్ము క్యాన్సర్. వచ్చే వారం కీమో మొదలవుతుంది, జుట్టు ఊడిపోతుందని డాక్టర్ ముందే చెప్పారు. విగ్గు కొందామని నేనంటే, "ఉన్న రోగం చాలదా, ఈ సోకులెందుకు" అన్నారు ఇంట్లో ఒకరిద్దరు. అక్క ఏమీ అనలేదు కానీ ఆ రోజు నుంచి జడ వేసుకోవడం మానేసింది. ఏం చేయమంటారు?

జవాబు: సోకు కాదమ్మా, ఆ మాట అన్నవాళ్లకు గట్టిగా చెప్పండి. జుట్టు పోయిన మనిషి బయటికెళ్తే ఎదురైన ప్రతివాళ్లూ జాలిగా చూస్తారు, రోగం గురించి అడుగుతారు. విగ్గు ఉంటే ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో అక్క చేతిలో ఉంటుంది. అది చిన్న విషయం కాదు.

వేగంగా పెరిగే కణాలన్నిటి మీదా కీమో మందులు దెబ్బ వేస్తాయి, జుట్టు కుదుళ్లు కూడా ఆ కోవలోవే కాబట్టి సాధారణంగా మొదటి డోసు తర్వాత 2, 3 వారాలకు ఊడటం మొదలవుతుంది. అందుకే కొనేదేదో ఇప్పుడే చూడండి. ఇప్పుడైతే అక్క జుట్టు రంగు, పాపిడి ఎటు తీస్తుందో, నుదుటి మీద వెంట్రుకలు ఎలా పడతాయో కళ్ల ముందే ఉంటాయి. మంచి వెలుతురులో నాలుగు వైపులా ఫొటోలు తీయండి, చిన్న కుచ్చు కత్తిరించి దాచండి. తల చుట్టుకొలత నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి చెవుల పైగా మెడ వెనక వరకు టేపుతో కొలవాలి. జుట్టు పోయాక ఆ కొలత కాస్త తగ్గుతుంది, కాబట్టి బిగించుకునే పట్టీలున్నదే తీసుకోండి. లోపలి క్యాప్‌ను వేళ్లతో తడిమి చూడండి. కీమోలో మాడు మండుతున్నట్టు ఉంటుంది, గరుకు కుట్లుంటే పది నిమిషాలు కూడా భరించలేరు.

అసలు జుట్టుతో చేసినవి ఎక్కువ కాలం మన్నుతాయి, కానీ తలకట్టు మాటిమాటికీ దిద్దుకోవాలి. సింథటిక్‌వి తేలిక, ఉతికినా ఆకారం పోదు, కొన్ని నెలల అవసరానికి నాకైతే ఇవే నయమనిపిస్తుంది. ఒక్కటే జాగ్రత్త, వేడి తగిలితే కొసలు ముడుచుకుపోతాయి, పొయ్యి దగ్గర, ఆవిరి దగ్గర పెట్టుకోకూడదు. చికిత్స అయ్యాక జుట్టు మళ్లీ వస్తుంది, మొదట్లో ఉంగరాలు తిరిగి వచ్చినా కంగారు పడకండి.

అన్నిటికంటే ముందు అక్కను అడగండి. వద్దు, స్కార్ఫ్ చాలు అంటే అదే సరైన జవాబు. బలవంతం మాత్రం చేయకండి.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పేనుకొరుకుడు మచ్చలుగా మొదలై తలంతా పాకింది. ఏడాదిగా విగ్గు వాడుతున్నాను, ఆఫీసులో ఎవరికీ తెలియదు. గాలి వీచినా టెన్షనే. అందరినీ మోసం చేస్తున్నానేమో అనిపిస్తోంది.

జవాబు: మోసం ఎందుకవుతుంది? దీనికి పురుగూ లేదు, పేనూ లేదు, అంటుకునేదీ కాదు. రోగనిరోధక వ్యవస్థే పొరపాటున సొంత కుదుళ్ల మీద దాడి చేస్తుంది. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు పదమూడో లూయీ బట్టతల వచ్చి విగ్గు పెట్టుకుంటే, కొడుకు పద్నాలుగో లూయీ కాలానికి అది యూరప్ అంతటా హోదాకు గుర్తయింది. అంటే సిగ్గు విగ్గులో లేదు, చూసేవాళ్లు దానికిచ్చే అర్థంలో ఉంది.

ఆఫీసుకు మీరేమీ బాకీ లేరు. పెళ్లాడబోయే అమ్మాయికి మాత్రం ముందే చెప్పండి, దాచిన సంగతి తర్వాత బయటపడితే గాయం పెద్దదవుతుంది. ఆఫీసులో నమ్మకమైన ఒక్క స్నేహితుడికి చెప్పినా సగం భయం పోతుంది, విగ్గు పక్కకు జరిగితే సైగ చేసే మనిషి ఒకరుంటారు కదా. గాలికి కదలకుండా విగ్గు టేపు గానీ జిగురు గానీ వాడండి, ముందు చెవి వెనక కొంచెం రాసి ఒక రోజు ఆగి దద్దుర్లు రాలేదని చూసుకున్నాకే. రాత్రి తీసేసి పడుకోండి. చర్మ డాక్టర్‌ను వదలకండి, కొత్త మందులొచ్చాయి, చాలామందికి జుట్టు తిరిగి వస్తోంది కూడా.

ప్రశ్న: సింథటిక్ విగ్గు రోజూ కడగాలా?

జవాబు: అక్కర్లేదు. రోజూ వాడితే వారానికోసారి, చెమట ఎక్కువైతే ఇంకా ముందే. చిక్కు తీసి, చల్లటి నీళ్లలో షాంపూ కలిపి ముంచి తీయాలి, రుద్దకూడదు, పిండకూడదు. తడిగా ఉండగా దువ్వెన పెట్టకండి.