వెండి నల్లబడింది, టమాటా పూత రాలుతోంది

ప్రశ్న: ముత్యాలు, పగడాలు, గార్నెట్ పూసలను వెండి తీగతో అల్లి ఇంట్లోనే గొలుసులు చేసి, తెలిసినవారికి అమ్ముతుంటాను. మిద్దె మీద కుండీల్లో కూరగాయలు కూడా పెంచుతున్నాను. బెండకు బూడిద తెగులు వస్తే ఒక ఉదయం గంధకం, మరునాడు వేపనూనె పిచికారీ చేశాను. ఆ రెండు రోజులూ సాయంత్రాలు అల్లిన గొలుసులో వెండి నల్లబడింది, ముత్యాలు కళ తప్పాయి. వెండి కల్తీదని మా ఆడపడుచు అంటోంది. చింతపండుతో తోమవచ్చా? టమాటా పూత రాలుతోంది, వంకాయలు గిడసబారాయి, అనప చిక్కుడు కొత్తగా పూయడం లేదు. శివరాత్రి దాటింది కనుక అన్నీ పీకేయాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు చెప్పిన వివరాలను బట్టి వెండిని అనుమానించవలసిన పని లేదు. గంధకం తగిలితే మేలిమి వెండి కూడా నల్లబడుతుంది. ఆ రెండూ కలిసి వెండి సల్ఫైడ్ అనే నల్లటి పొరగా మారతాయి. పిచికారీ చేసిన చేతులను నీళ్లతో కడుక్కున్నా, గోళ్ల సందుల్లోనూ చీర కొంగు మీదా మిగిలిన పొడి చాలు. కనుక మందు కొట్టిన రోజున పూసలు గుచ్చే పని పెట్టుకోకండి. తక్కిన రోజుల్లో కూడా తోటపని ముగించి, స్నానం చేసి, బట్టలు మార్చుకున్న తరువాతే పూసల పెట్టె తెరవండి.

చింతపండు మాత్రం దయచేసి వద్దు. మన ఇళ్లలో వెండి కుందులు తోమడానికి అది అలవాటైన వస్తువే కానీ, ముత్యమూ పగడమూ ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. మీరు కుండీల్లో వేసే కోడిగుడ్డు పెంకులు కూడా అదే పదార్థం. పులుపు తగిలితే వాటి పైపొర కరిగిపోతుంది, పోయిన మెరుపు మళ్లీ రాదు. వంటసోడా కలిపిన వేడినీళ్లలో అల్యూమినియం రేకు వేసి వెండిని ముంచే పద్ధతి బాగానే పనిచేస్తుంది. అయితే అది రాళ్లేవీ లేని వట్టి తీగకు, కొక్కేలకు మాత్రమే. ముత్యాలున్న గొలుసులో వెండి భాగాన్ని మాత్రం పొడి మెత్తని గుడ్డతో ఓపికగా రుద్దండి. ముత్యాల మీద వేపనూనె జిడ్డు పేరుకుని ఉండవచ్చు. తడిపి గట్టిగా పిండిన నూలు గుడ్డతో ఒక్కొక్క పూసనూ తుడిచి, గొలుసును పరచి ఆరబెట్టండి. దారంతో గుచ్చిన గొలుసైతే, తడిగా వేలాడదీస్తే దారం సాగుతుంది.

దుమ్ము పడిన పూసలను పొడి గుడ్డతో రుద్దడం కూడా మంచిది కాదు. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలతలో, దుమ్ములో ఉండే ఇసుక రేణువుల కాఠిన్యం 7 కాగా, పగడానిది 3 నుంచి 4 వరకే. గార్నెట్ 6.5 నుంచి 7.5 వరకు ఉంటుంది కనుక కొంత తట్టుకుంటుంది కానీ ముత్యం, పగడం గీతలు పడిపోతాయి. అందుకే ముందుగా మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, ఆ తరువాతే తుడవాలి.

ఇక తోట సంగతి. పగటి వేడి 32 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి సత్తువ కోల్పోయి పూత రాలుతుంది. ఎరువు పెంచినందువల్ల అది ఆగదు. లేత ఆకుపచ్చ నుంచి తెలుపు తిరిగిన కాయలను కోసి ఇంట్లో నీడన మాగబెట్టండి. 30 డిగ్రీలు దాటిన వేడిలో చెట్టు మీద కాయకు ఎరుపు సరిగా రాదు. ఆపైన మొక్కను తీసేయవచ్చు.

వంగను మాత్రం పీకవద్దు. నేల నుంచి అడుగు ఎత్తున కొమ్మలు కత్తిరించి, మాగిన పశువుల ఎరువు వేసి, క్రమంగా నీళ్లు పోస్తే కొత్త చిగుళ్లు వచ్చి మళ్లీ కాస్తుంది. ఇంత తేలికగా రెండో కాపు ఇచ్చే మొక్కను వదులుకోవడం నాకు మనసొప్పదు.

నాటు అనప పొద్దు తక్కువగా ఉండే రోజుల్లోనే పూస్తుంది. పగళ్లు పెరుగుతున్నాయి కనుక కొత్త పూత కోసం ఎదురుచూడనక్కరలేదు. పితికిపప్పుకు సరిపడా కాయలు కోసుకుని, బలమైన తీగ మీద కొన్ని కాయలను ఎండనిచ్చి విత్తనానికి దాచండి. చిత్తూరు వైపు ఇళ్లలో ఏళ్ల తరబడి అట్టిపెట్టుకున్న నాటు విత్తనం పోతే తిరిగి దొరకడం కష్టం.

ముదిరిన బెండను తీసి, వేరే కుండీలో కొత్త విత్తనం వేయండి. లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపిన గంధకం బూడిద తెగులుకు సరైన మందే కానీ, ఎండ ముదిరాక కొడితే ఆకులు మాడతాయి. వేపనూనె కొట్టడానికీ గంధకం కొట్టడానికీ మధ్య కనీసం రెండు వారాల వ్యవధి ఉండాలి. మీరు ఒక రోజు తేడాతో రెండూ కొట్టారు కనుక ఆకుల అంచులు మాడాయేమో రేపు ఉదయమే చూడండి.