సమాధానం: రెండు చోట్ల పక్షి జాతుల్ని పోల్చడం గురించి

అడవిలో 40 పాయింట్ కౌంట్లు (ఒకచోట నిలబడి కాసేపు కనిపించిన, వినిపించిన పక్షుల్ని లెక్కపెట్టడం), పొలాల్లో 15 చేసి జాతుల సంఖ్యని డైరెక్ట్‌గా పోల్చారు, గైడ్ ఒప్పుకోలేదన్నారు. ఒప్పుకోరండి, ఎక్కువ చోట్ల చూస్తే ఎక్కువ జాతులు దొరుకుతాయి కదా. కానీ అంత కంగారు పడి మళ్లీ ఫీల్డ్‌కి పరిగెత్తక్కర్లేదు, రేర్‌ఫాక్షన్ (రెండు చోట్లా ఒకే సంఖ్యలో పాయింట్లు చూసుంటే ఎన్ని జాతులు దొరికేవో లెక్కగట్టడం) చేయండి చాలు. దానికి ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఐనెక్స్ట్ (iNEXT) ప్యాకేజీ ఉంది, ఒక్కో పాయింట్‌ని ఒక శాంపిల్‌గా తీసుకుని ఏ జాతి ఎన్ని పాయింట్లలో కనిపించిందో ఇవ్వాలి, లిస్టులో మొదటి నంబర్ మాత్రం మొత్తం పాయింట్ల సంఖ్యే ఉండాలి (40 లేదా 15), చాలామంది అది మర్చిపోయి ఎర్రర్ వస్తోందని జుట్టు పీక్కుంటారు. జాతుల సంఖ్యకి ఎక్స్‌ట్రాపొలేషన్ (ఇంకా ఎక్కువ పాయింట్లు చూసుంటే ఎన్ని దొరికేవో అంచనా) చూసిన పాయింట్ల సంఖ్యకి రెట్టింపు దాకా నమ్మొచ్చు కాబట్టి రెండిటినీ 30 పాయింట్ల దగ్గర (పొలాల 15కి రెట్టింపు) పోల్చండి, నన్నడిగితే శాంపిల్ కవరేజ్ (అక్కడి మొత్తం పక్షుల్లో మీకు దొరికిన జాతులవి ఎంత వంతో చెప్పే కొలత) సమానంగా ఉన్నచోట పోల్చడం ఇంకా బెటర్. 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వల్స్ (అసలు సంఖ్య ఏ హద్దుల మధ్య ఉండొచ్చో చూపేవి) కలవకపోతే తేడా ఉన్నట్టే, కలిసినంత మాత్రాన తేడా లేదని మాత్రం రాసేయకండి.

ఇంకోటి, దట్టమైన చెట్లలో పక్షి ఉన్నా కంటపడదు, ఆ సమస్యని రేర్‌ఫాక్షన్ తీర్చదు. ఒకే పాయింట్‌కి ఒకే సీజన్‌లో రెండు మూడుసార్లు వెళ్లుంటే ఆక్యుపెన్సీ మోడల్ (పక్షి ఉన్నా కనపడకపోయే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి) ట్రై చేయండి, లేకపోతే థీసిస్ లిమిటేషన్స్‌లో ఆ ముక్క రాసేయండి.