వచ్చే మేలో వద్దు, ఆపై మేలో మాచు పిచ్చుకు వెళ్లండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. గుంటూరులో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారికి ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఇద్దరికీ కలిపి నెలకు సుమారు 1.05 లక్షలు వస్తాయి. ఇంటి లోను ఈఎంఐ 24 వేలు, చీటీ 10 వేలు, సిప్ 5 వేలు. ఇంటి ఖర్చులు, బాబు చదువు కలిపి 57 వేలు. బాబు ఇంటర్ రెండో ఏడాది. 4.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. 2.5 లక్షల చీటీ ఇంకా 11 నెలలు కట్టాలి. డాలస్‌లో ఉన్న మా చెల్లి, నేను వచ్చే మే నెలలో పెరూ వెళ్లి, పాతకాలపు శిథిల నగరం మాచు పిచ్చు దాకా నాలుగు రోజులు కొండల్లో నడిచే ‘ఇంకా ట్రెయిల్’ అనే ట్రెక్ చేయాలనుకుంటున్నాం. నాకు అమెరికా విజిటర్ వీసా ఉంది, ఇంకా ఐదేళ్ల గడువుంది. పర్మిట్ కోసం అక్టోబరులోనే డబ్బు కట్టాలట. చీటీ పాడేయమంటారా (పోయిన నెల 38 వేల తగ్గింపుకి పాట పోయింది), బంగారం మీద లోను తీసుకోనా, ఎఫ్‌డీ తీసేయనా? ఖర్చంతా తనే పెట్టుకుంటానని చెల్లి అంటోంది. నాకు మనసొప్పడం లేదు. మావారికి మోకాళ్ల నొప్పులు, నన్ను మాత్రం వెళ్లి రమ్మంటున్నారు.
– ఒక టీచర్, గుంటూరు

జవాబు: టీచర్ గారూ, తప్పకుండా వెళ్లండి. మీ ఆదాయానికి ఇది అందని కోరికేం కాదు. కాకపోతే వచ్చే మేలో కాకుండా ఆపై మేలో పెట్టుకోండి. అప్పుడు బంగారం బ్యాంకులో పెట్టాల్సిన పని లేదు, ఎఫ్‌డీ కదిలించాల్సిన పని లేదు, చీటీ నష్టానికి పాడాల్సిన పని లేదు.

ఎందుకంటే వచ్చే మే నెల మీ ఇంట్లో బాబుది. ఈఏపీసెట్ ఆ రోజుల్లోనే ఉంటుంది. ఆ తర్వాత ఫలితాలు, కౌన్సెలింగ్, కాలేజీ ఫీజు, హాస్టల్ అడ్వాన్సు అన్నీ రెండు మూడు నెలల్లో మీద పడతాయి. ఏ కాలేజీలో సీటు వస్తుందో, ఫీజు ఎంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ లెక్క తేలకముందే ఎఫ్‌డీ తీసి ట్రెక్‌కి కట్టేస్తే, ఆగస్టులో ఫీజు కోసం మీరు బంగారం పట్టుకుని బ్యాంకుకి వెళ్లాల్సి వస్తుంది. అప్పు ట్రెక్ పేరుతో చేసినా, ఫీజు పేరుతో చేసినా వడ్డీ కట్టేది మీరే. ఆ ఎఫ్‌డీలో 2.5 లక్షలు మీ ఇంటి అత్యవసర నిధి అనుకోండి. షాపు ఆదాయం నెల నెలా ఒకేలా ఉండదు కాబట్టి మీకు అది మరీ అవసరం. మిగిలిన 2 లక్షలు బాబు మొదటి ఏడాదికి.

ఇక అక్టోబరు సంగతి. మామూలు టూర్లకు నెల ముందు కూడా డబ్బు కట్టొచ్చు. ‘ఇంకా ట్రెయిల్’కి అలా కుదరదు. పెరూ ప్రభుత్వం ఆ బాట మీదికి రోజుకు 500 మందినే వదులుతుంది. అందులో గైడ్లు, వంటవాళ్లు, సామాన్లు మోసే పోర్టర్లు కూడా కలిసే ఉంటారు. నడవడానికి వచ్చేవాళ్లకు మిగిలేవి 200 చోట్లే. సొంతంగా వెళ్లనివ్వరు, లైసెన్సు ఉన్న ట్రెక్ సంస్థతోనే వెళ్లాలి. ఫిబ్రవరి మొత్తం మరమ్మతుల కోసం మూసేస్తారు. వానలు తగ్గి ఆకాశం తేటగా ఉండే మే నెల పర్మిట్లకు గిరాకీ ఎక్కువ. సాధారణంగా ముందు ఏడాది అక్టోబరులో అమ్మకం మొదలవుతుంది, మంచి తేదీలు తొందరగా అయిపోతాయి. పర్మిట్ మీ పాస్‌పోర్టు నంబరు మీద వస్తుంది. ఇంకొకరికి మార్చలేరు, వెళ్లలేకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అందుకే అక్టోబరులో కట్టే డబ్బు, పోయినా ఇల్లు కదలని డబ్బై ఉండాలి.

మీ చీటీ వచ్చే ఏడాది జూలైకల్లా ముగుస్తుంది. ఆ అక్టోబరులో పర్మిట్లు తెరిచే సమయానికి డబ్బు మీ చేతిలో ఉంటుంది. ఇప్పుడే పాడితే 38 వేలు వదులుకుని 2.12 లక్షలు తెచ్చుకుంటారు. చివరి దాకా ఉంటే 5 శాతం కమీషన్ పోను 2,37,500 వస్తాయి. తేడా 25 వేలు పైనే. కొండ మీద మీ సామాను మోసే మనిషికి, మంచి స్లీపింగ్ బ్యాగ్‌కి, టిప్పులకు ఆ డబ్బు సరిపోతుంది. చీటీ రిజిస్టర్ అయిన కంపెనీదేనా అన్నది మాత్రం ఒకసారి చూసుకోండి. కాలనీలో ఎవరో నడిపే చీటీ అయితే ఈ లెక్క మీద ఇంత భరోసా పెట్టుకోకండి, ఆ తేదీకి వేరే దారి కూడా ఉంచుకోండి.

మీ ఒక్కరి వాటా ఇలా వేశాను. డాలరుకు 95 రూపాయలు పెట్టుకున్నాను, అప్పటికి రేటు పెరిగినా మీకు టెన్షన్ ఉండకూడదని. పర్మిట్, గైడ్, టెంట్లు, భోజనాలు, మాచు పిచ్చు టికెట్, తిరుగు రైలుతో కలిపి నాలుగు రోజుల ట్రెక్‌కి 800 డాలర్లు, అంటే 76 వేలు. సొంత పోర్టర్, అద్దె సామాను, టిప్పులకు 19 వేలు. హైదరాబాద్ నుంచి డాలస్ రానుపోను 1.40 లక్షలు. డాలస్ నుంచి లిమా మీదుగా, ట్రెక్‌కి ముందు మీరు బస చేసే ఊరు కుస్కోకి వెళ్లి రావడానికి 85 వేలు. కుస్కోలో గది సగం అద్దె, తిండి, తిరగడం 33 వేలు. బూట్లు, జాకెట్టు 15 వేలు. ఇన్సూరెన్స్, టీకా 10 వేలు. మొత్తం 3.78 లక్షలు. 4 లక్షలు అనుకోండి.

చీటీ నుంచి 2.37 లక్షలు వస్తాయి. చీటీ అయిపోయాక నెలకు మిగిలే 10 వేలను ట్రెక్ దాకా ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే పది నెలలకు లక్ష. ఇప్పుడు అన్ని ఖర్చులూ పోను మీకు మిగిలే 9 వేలలో 4 వేలతో ఈ నెలే మరో ఆర్‌డీ మొదలుపెడితే, 20 నెలలకు 80 వేలు. వడ్డీ లెక్కేయకుండానే 4.17 లక్షలు. సిప్ ఆపకండి. ఈ డబ్బును షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో కూడా పెట్టకండి. పర్మిట్లు తెరిచే వారంలో మార్కెట్ పడితే, కోలుకునే దాకా ఆగడానికి మీకు సమయం ఉండదు.

ఖర్చు తగ్గించాలని చాలామంది ముందుగా చేయిపెట్టేది చేయకూడని చోట్లే. కుస్కో 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. గుంటూరు నుంచి వెళ్లిన ఒంటికి ఆ గాలి అలవాటు కావాలంటే రెండు మూడు రోజులు అక్కడ ఊరికే ఉండాలి. ఆ హోటల్ ఖర్చు దండగ అనుకోకండి. ట్రెక్ రెండో రోజు వాయ్యబాంబ దగ్గర సుమారు 3,000 మీటర్ల నుంచి, వార్మివాన్యుస్కా అనే కనుమకు 4,215 మీటర్ల దాకా ఎక్కాలి. అలిపిరి మెట్లెక్కిన అలవాటు కాళ్లకు పనికొస్తుంది గానీ, అక్కడ కాళ్ల కంటే ముందు ఊపిరి అలిసిపోతుంది. ఎత్తు పడక మధ్యలో వెనక్కి వచ్చేస్తే, పర్మిట్‌తో సహా పెట్టిన డబ్బంతా పోయినట్టే. రెండు రోజుల గది అద్దె దాని ముందు ఎంత?

రెండోది పోర్టర్లు. నా మనసుకు బాగా పట్టిన విషయం ఇది, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. టెంట్లు, గ్యాసు, మీరు తినే అన్నం అన్నీ వాళ్ల వీపుల మీదే కొండెక్కుతాయి. ఒక్కొక్కరికి 20 కిలోలకు మించి ఎత్తకూడదని పెరూలో నిబంధన ఉంది, బాట మొదట్లో చెక్‌పోస్టు దగ్గర తూకం కూడా వేస్తారు. ఒక సంస్థ మిగతావాళ్ల కంటే మరీ తక్కువ ధర చెబితే, ఆ తగ్గింపు చాలాసార్లు వాళ్ల కూలి నుంచో, తిండి నుంచో వస్తుంది. జీతం ఎంతిస్తారు, పడుకోవడానికి ఏమిస్తారు, ఇన్సూరెన్స్ ఉందా అని మెయిల్‌లో అడగండి. సూటిగా జవాబివ్వని సంస్థను వదిలేయండి. తక్కువ కొటేషన్లలో చాలాసార్లు స్లీపింగ్ బ్యాగ్, మాచు పిచ్చు నుంచి కిందికి దిగే బస్సు, చివరి రోజు భోజనం ఉండవు. అవి కలిపి చూస్తే చవక పెద్దగా మిగలదు.

మీ చెల్లెలి విషయానికొస్తే, ఆమె మాట సగం వినండి. ట్రెక్ సంస్థకు కట్టే డాలర్లు ఆమె అక్కడి నుంచే కట్టనివ్వండి. ఇక్కడి చాలా క్రెడిట్ కార్డులు విదేశీ చెల్లింపు మీద 3.5 శాతం దాకా, దానిపై జీఎస్టీ వేస్తాయి. అది తప్పుతుంది. మీ వాటాను మీరు బ్యాంకు ద్వారా ఆమెకు పంపేయండి. ఏడాదికి 10 లక్షల లోపు పంపే డబ్బు మీద టీసీఎస్ (చెల్లించేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) పడదు. అదే ఇక్కడి ట్రావెల్స్ దగ్గర విదేశీ ప్యాకేజీగా కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ వసూలు చేస్తారు. ఆదాయపు పన్ను రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు గానీ, నెలల తరబడి మీ డబ్బు అక్కడ ఇరుక్కుంటుంది. ఒకవేళ విమానం టికెట్ తనే కొనిస్తానంటే కాదనకండి. అక్కాచెల్లెళ్ల మధ్య బహుమతికి పన్ను లేదు, మొహమాటం కూడా అక్కర్లేదు.

ఆమెను ఒకటి కనుక్కోమనండి. అమెరికా వీసాకు కనీసం ఆరు నెలల గడువుంటే భారతీయులకు పెరూ వీసా అవసరం లేదు. మీకు ఇబ్బంది లేదు. ఆమె హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉంటే, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయి ఉండొచ్చు. అలా వెళ్తే పెరూలోకి వెళ్లడమే కాదు, తిరిగి అమెరికాలోకి రావడమూ కష్టమే. ఆ స్టాంపు సంగతి తేలాకే పర్మిట్‌కి డబ్బు కట్టండి.

ఇన్సూరెన్స్ అమెరికా, పెరూ రెండింటికీ వర్తించాలి. చాలా ట్రావెల్ పాలసీల్లో ట్రెక్కింగ్‌ని సాహస క్రీడ కింద తీసేస్తారు, లేదా ఇన్ని మీటర్ల ఎత్తు వరకే అని పెడతారు. 4,215 మీటర్లకు వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. థైరాయిడ్, బీపీ లాంటివి ఏవైనా ఉంటే దాచకండి, చిన్న మాత్ర దాచినందుకే క్లెయిమ్ పోవచ్చు. పెరూ నుంచి ఆరు రోజుల్లోపు మన దేశానికి వస్తే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటీన్‌లో పెట్టొచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

వచ్చే ఏడాది అక్టోబరులో మీకు కావాల్సిన తేదీలకు పర్మిట్ దొరకకపోతే ఏం చేస్తారో చెల్లెలితో ఇప్పుడే మాట్లాడుకోండి. రైలు దారిలో 104వ కిలోమీటరు దగ్గర మొదలయ్యే రెండు రోజుల చిన్న ట్రెయిల్‌కి పర్మిట్లు వేరుగా ఉంటాయి. మాచు పిచ్చు వైపే వెళ్లే మరో కొండదారి సల్కంటాయ్‌కి ఆ పర్మిట్ అక్కర్లేదు, ఖర్చూ తక్కువే, కానీ కనుమ ఇంకా ఎత్తు, 4,600 మీటర్లు. మీకు నేనైతే చిన్న ట్రెయిలే చెబుతాను. విన్యాయ్ వాయ్నా శిథిలాలు, సూర్యద్వారం నుంచి మాచు పిచ్చులోకి దిగడం రెండూ అందులోనూ ఉంటాయి. మీ పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే ఆ అక్టోబరు లోపే రెన్యూవల్ చేయించుకోండి. పర్మిట్ మీద పాత నంబరు ఉంటే చెక్‌పోస్టు దగ్గర తంటా.