గృహజ్యోతి ఉన్నా బిల్లు ఎందుకు? పావగడ సోలార్ ఉన్నా రేటు ఎందుకు తగ్గదు?

మీరు అడిగినవి రెండు. ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే కర్ణాటక ప్రభుత్వ పథకం గృహజ్యోతి ఉన్నా, బెంగళూరులో అద్దె ఇంట్లో నెలకు 150 యూనిట్లే వాడుతున్నా బిల్లు ఎందుకొస్తోందని ఒకటి. తుమకూరు జిల్లా పావగడలో అంత పెద్ద సోలార్ పార్కు పెట్టుకుని కూడా రేటు ఎందుకు తగ్గట్లేదని రెండోది. నేను బెంగళూరులో అద్దెకే ఉంటున్నాను, మా అమ్మ పుట్టిల్లు పావగడ పక్కన. కాబట్టి రెండూ నాకు ఇంటి విషయాలే.

200 యూనిట్లు అనేది గరిష్ఠ పరిమితి మాత్రమే, అందరికీ 200 ఉచితం కాదు. ఆ ఇంటి మీటరు మీద 2022-23లో నెలకు సగటున ఎంత వాడారో చూసి, దానికి 10 శాతం కలిపి, అంతవరకే ఉచితంగా ఇస్తారు. సగటు 80 అయితే మీ వాటా 88. మీరు 150 వాడితే మిగతా 62 యూనిట్లకు డబ్బు కట్టాలి. 200 దాటితే మాత్రం ఉచితం మొత్తం పోతుంది, బిల్లంతా మీదే. పాత లెక్క లేని కొత్త ఇళ్లకు రాష్ట్ర సగటు 53 తీసుకుని 58 యూనిట్లు ఇచ్చారు.

అద్దెవాళ్లకు అన్యాయం జరిగేది ఇక్కడే. మేము ఇప్పుడున్న ఇంట్లో అంతకుముందు ఇద్దరు బ్యాచిలర్లు ఉండేవారు. పొద్దున పోతే రాత్రికి వచ్చేవాళ్లు, సగటు బాగా తక్కువ. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇద్దరు పిల్లలతో మేం దిగినా వాటా పెరగలేదు. ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ సేవాసింధులో పాత ఇంటికి ఉన్న ఆధార్ తీయించి ఈ ఇంటికి కలుపుకున్నాం గానీ, పాత ఇంటి వాటా మాత్రం మా వెంట రాలేదు. మనుషుల్ని బట్టి కాక మీటర్‌ను బట్టి ఇచ్చే ఉచితం ఇది. ఊళ్లు మారుతూ బతికేవాళ్లకు ఇది సరిపడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక రేటు. 2023లో 100 యూనిట్లు దాటితే వాడినవన్నీ 7 రూపాయల లెక్కన పడేవి. 2024 ఏప్రిల్‌లో స్లాబులు తీసేసి అందరికీ 5.90 చేశారు, 2025 ఏప్రిల్‌లో 5.80కి తగ్గించారు. తగ్గిందని సంతోషించేలోపే, ఇంటికి మంజూరైన లోడ్‌ను బట్టి వేసే ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్‌కు 120 నుంచి 145 అయింది. విద్యుత్ ఉద్యోగుల పెన్షన్ కోసం యూనిట్‌కు 36 పైసల సర్‌ఛార్జి వచ్చి చేరింది. ఇవి కాక 9 శాతం పన్ను, ఇంధన ఖర్చును బట్టి నెలనెలా మారే సర్దుబాటు ఛార్జీ. 3 కిలోవాట్ల ఇంట్లో ఎండాకాలం 201 యూనిట్లు కాలితే, సర్దుబాటు కలపకుండానే 1,750 దాటుతుంది.

పావగడ సంగతికి వస్తే, 2,050 మెగావాట్ల పార్కు అది. తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్లలో సుమారు 13,000 ఎకరాలు. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి 5 శాతం పెంచేలా ఒప్పందం. వానలు లేక వేరుశనగ ఎండిపోయే నేలకు అది మంచి కౌలే. కానీ భూమి లేని కూలీలకు ఆ చేలల్లో దొరికే పని పోయింది. మా మామ పొలం కూడా అందులో ఉంది. “మన చేన్లో పుట్టే కరెంటేనా అప్పా, నువ్వు బెంగళూరులో అంత పోసి కొనేది?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న.

ఎండ ఉన్నప్పుడు ఆ కరెంటు చవకే. 2018 నాటి వేలాల్లో యూనిట్ 3 రూపాయల లోపే పలికింది. పగటి కరెంటులో పెద్ద భాగం పొలాల మోటార్లకు పోతుంది. కర్ణాటకలో 10 హెచ్‌పీ వరకు పంపుసెట్లకు కరెంటు ఉచితం, ఆ ఖర్చు ప్రభుత్వ సబ్సిడీ మీద పడుతుంది. మనం ఇంటికొచ్చి లైట్లు, మిక్సీ, గీజర్ వేసుకునే వేళకు సూర్యుడు ఉండడు. అప్పుడు శరావతి నీళ్లు, కైగా అణు విద్యుత్తు, రాయచూరు, బళ్లారి బొగ్గు ఆదుకోవాలి. రాయచూరులో కాలే బొగ్గులో కొంత మన సింగరేణి నుంచే రైల్లో వస్తుంది. ఆ ప్లాంట్లు పగలు తగ్గించి నడిపినా వాటికి స్థిర ఖర్చు చెల్లించాల్సిందే. మన బిల్లులో ఉన్నది ఎండ ధర ఒక్కటే కాదు, సాయంత్రం కరెంటు పోకుండా ఉండటానికి అయ్యే ఖర్చు కూడా.

2023లో ఇది కళ్లకు కట్టింది. వానలు ముఖం చాటేసి జలాశయాలు అడుగంటాయి, పంపుసెట్ల వాడకం పెరిగిపోయింది. ఉత్తరప్రదేశ్, పంజాబ్‌ల నుంచి తర్వాత తిరిగిచ్చే షరతు మీద కరెంటు తెచ్చుకున్నారు. రాష్ట్రంలోని ప్రైవేటు ప్లాంట్లు బయట అమ్ముకోకుండా అక్టోబరులో విద్యుత్ చట్టం 11వ సెక్షన్ వాడారు. కరెంటు కొని అమ్ముకునే ఎక్స్ఛేంజిలో కొనాలంటే యూనిట్ 10 రూపాయల దాకా పోవచ్చు.

పగటి చవక మన దాకా రావడానికి దారి లేకపోలేదు. ఎండ వేళల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ ఉండాలని 2023లో కేంద్రం నియమం తెచ్చింది. ఏ వేళలో ఎంత వాడామో లెక్కపెట్టే స్మార్ట్ మీటర్ ఉంటేనే ఇళ్లకు అది వర్తిస్తుంది. వాషింగ్ మెషీన్, నీళ్ల మోటార్ మధ్యాహ్నం వేసుకునే ఇల్లాలికి ఆ తేడా దక్కాలి. మా మామ అడిగిన దానికి నా దగ్గరున్న జవాబు అదే.

అంతవరకు మీరు చేయగలిగింది ఒకటుంది. ఇల్లు మారేముందు అడ్వాన్స్ ఇవ్వకుండానే ఓనర్‌ను ఒక పాత కరెంటు బిల్లు అడిగి తీసుకోండి. అందులో మంజూరైన లోడ్ ఎన్ని కిలోవాట్లో, గృహజ్యోతి కింద ఎన్ని యూనిట్లు పోతున్నాయో చూడండి. ఏసీ లేని రెండు గదుల ఇంటికి 5 కిలోవాట్లు రాసి ఉంటే, తగ్గించమని ఓనర్‌తోనే దరఖాస్తు పెట్టించండి. మీటర్ ఆయన పేరు మీదే ఉంటుంది కదా.