ఫైలు కదిలితే నమ్మకం వచ్చినట్టేనా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇళ్లు కట్టేవాళ్లవి, కొనేవాళ్లవి. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే చోటిచ్చాం.

ప్రశ్న: నాన్నగారి కాలం నుంచి అపార్ట్‌మెంట్లు కడుతున్నాం. చిన్న సంస్థ. టౌన్‌ప్లానింగ్ ఆఫీసులో మర్యాదగానే మాట్లాడతారు, కూర్చోమంటారు, కాస్త తిరిగితే ఫైలూ అవుతుంది. అయినా కొత్త సైటుకి పర్మిషన్ పెడుతున్నామంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. పని అవుతున్నప్పుడు ఈ భయం దేనికి? – ఒక బిల్డర్, హనుమకొండ

జవాబు: పోయిన ఫైలు విషయంలో మీకు తృప్తి ఉంది సార్, వచ్చే ఫైలు మీదే నమ్మకం లేదు. పోయినసారి పని ఎందుకు అయింది? మీకు తెలిసిన మనిషి ఆ సీట్లో ఉన్నాడు కాబట్టి అయింది. రేపు ఆయన బదిలీ అయి ఇంకొకాయన వస్తే అదే ప్లాన్‌కి అదే జవాబు వస్తుందని మీరు గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా? చెప్పలేరు. అది మర్యాదతో తీరే భయం కాదు.

దీన్ని తిరగేసి కూడా చూడండి. ఒక ఆఫీసు మీ ప్లాన్‌ని తిప్పి పంపింది, కానీ ఏ రూల్ ప్రకారం కుదరదో, ఎంత తగ్గిస్తే కుదురుతుందో ఒకే కాగితంలో రాసిచ్చింది. ఆ రోజు మీకు తృప్తి ఉండదు, తిట్టుకుంటూనే బయటికొస్తారు. కానీ తర్వాతి ప్లాన్ గీయించేటప్పుడు ఆ కాగితం పక్కన పెట్టుకుంటారు, ఎందుకంటే వాళ్లు ఏమంటారో ఇప్పుడు మీకు ముందే తెలుసు. బిల్డర్‌కి కావలసింది ఇదే. వద్దన్నా ఫర్వాలేదు, ముందే తెలిస్తే చాలు. వడ్డీకి తెచ్చిన డబ్బుతో స్థలం కొన్నవాడికి ‘కుదరదు’ కంటే ‘చూద్దాం’ చాలా ఖరీదు.

షార్ట్‌ఫాల్స్, అంటే ఫైల్లో ఇది తక్కువైంది అని ఆఫీసు రాసే కొర్రీల సంగతే తీసుకోండి. లింక్ డాక్యుమెంట్ (స్థలం పాత దస్తావేజు) లేదని ఒకటి పెడతారు. అది ఇచ్చాక రోడ్డు వెడల్పు సరిపోలేదంటారు, అది తేల్చాక ఫలానా శాఖ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం) ఏదంటారు. ఒక్కొక్కటీ న్యాయమైనదే కావచ్చు, మొదటిరోజే మూడూ అడిగి ఉంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. విడతలుగా అడిగేసరికి ‘ఏదో ఆశిస్తున్నారు’ అన్న మాట వచ్చేస్తుంది, పాపం ఆ ఉద్యోగికి ఏ ఆశా లేకపోయినా సరే.

ఓసీ, అంటే కట్టడం పూర్తయ్యాక అందులో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. మన బిల్డింగ్ రూల్స్ ప్రకారం, అంటే ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం, కట్టే విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి తాకట్టు పెట్టాలి. స్టిల్ట్ (కింద పార్కింగ్‌కి వదిలిన అంతస్తు) మీద అయిదు అంతస్తులు, పది ఫ్లాట్లు అనుకోండి, ఓసీ వచ్చేదాకా ఒక ఫ్లాటు అమ్మలేరు. చిన్న బిల్డర్ లాభం చాలాసార్లు ఆ ఒక్క ఫ్లాటులోనే ఉంటుంది. సైట్‌కి వచ్చినాయన టేపు పట్టుకుని పక్క సెట్‌బ్యాక్ (గోడకీ హద్దుకీ మధ్య వదలాల్సిన ఖాళీ) కొలిచి, ప్లాస్టరింగ్ మందం కలుపుకుని కాస్త తక్కువొచ్చిందన్నాడంటే ఇక మీ ప్రాణం ఆ టేపు మీదే. నిజానికి ముందువైపు తప్ప మిగతా సెట్‌బ్యాక్‌లలో 10 శాతం లోపు తేడా ఉంటే జరిమానా కట్టించుకుని ఓసీ ఇచ్చే వెసులుబాటు రూల్స్‌లోనే ఉంది. అయితే అది ‘మీ హక్కు’ అన్నట్టు చెప్తారా, ‘మీకు చేసిన సాయం’ అన్నట్టు చెప్తారా అన్నదాన్ని బట్టి మీరు అక్కడి నుంచి ఒక పౌరుడిలా బయటికి రావచ్చు, ఒక రుణగ్రస్తుడిలా రావచ్చు.

ఇంకో మాట, ఇది ప్రభుత్వాలకి నచ్చదు. నమ్మకాన్ని అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసింది లంచం కాదు, అక్రమంగా కట్టినదాన్ని రుసుము తీసుకుని సక్రమం చేసే క్రమబద్ధీకరణ అని నా అభిప్రాయం. 2007 చివర్లో బీపీఎస్ అనే క్రమబద్ధీకరణ పథకం వచ్చింది, ఇదే ఆఖరు అన్నారు. 2015లో రెండు రాష్ట్రాల్లోనూ మళ్లీ తెచ్చారు, తెలంగాణలో అది కోర్టుకెక్కింది. సెట్‌బ్యాక్ వదిలి కట్టినవాడు ఒక గది పోగొట్టుకున్నాడు, వదలనివాడు రుసుము కట్టి ఆ గది ఉంచుకున్నాడు. మీ ఫైలు ఎంత చక్కగా చూసినా పక్కవాడి ఫైలుతో ఏం చేశారన్నది మీరు చూస్తూనే ఉంటారు కదా.

ఆస్ట్రేలియాలో వృద్ధాశ్రమాల తనిఖీల మీద టోని మక్కాయ్, జాన్ బ్రెయిత్‌వెయిట్ అనే ఇద్దరు చేసిన పరిశీలన ఒకటుంది, 1994లో అచ్చయింది. తనిఖీకి వచ్చినవాళ్లు తమని నమ్మదగినవాళ్లలా చూశారని అనుకున్న నిర్వాహకులు తర్వాతి తనిఖీ నాటికి నియమాల అమలులో మెరుగయ్యారు. దొంగని చూసినట్టు చూస్తే, మనిషి నియమం పాటించడం మీద కాక పట్టుబడకుండా ఉండటం మీద తెలివి ఖర్చుపెడతాడు. వృద్ధాశ్రమానికీ అపార్ట్‌మెంట్‌కీ పోలికేంటంటారేమో, చూసేవాడూ చూపించేవాడూ ఉన్న చోటల్లా కథ ఇంతే.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఫుటింగులు (పునాదులు), పిల్లర్లు లేచే దశలోనే ఉన్న కొలతలు ఉన్నట్టు మీ ఇంజనీర్ చేత రాయించి ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. తేడా ఉంటే మీరే చెప్పండి. ఆఫీసు చుట్టూ తిరిగి ఫైలు కదిలించే లైజనింగ్ మనిషిని మాత్రం మధ్యలో పెట్టకండి. మీ దగ్గర ఆఫీసుని దయ్యంలా, ఆఫీసు దగ్గర మిమ్మల్ని దొంగలా చూపిస్తేనే ఆయనకి గిరాకీ.

ప్రశ్న: అంతా ఆన్‌లైన్ అయ్యాక ఇంకా నమ్మకాలూ తృప్తులూ ఏమిటండీ? సాఫ్ట్‌వేర్ చూసుకోదా? – సైట్ ఇంజనీర్, మేడ్చల్

జవాబు: కొంత చూసుకుంది, కాదనను. తెలంగాణలో 2020 నవంబర్‌లో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల విధానం వచ్చాక 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే సరిపోయింది, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు దాటని ఇళ్లకి సొంత ధ్రువీకరణ మీదే అనుమతి. ఆపైన పెద్దవాటికి 21 రోజుల గడువు, దాటితే అనుమతి వచ్చినట్టే లెక్క.

ఇప్పుడు మీ సంస్థలోనే అడగండి. 22వ రోజున ఆ ‘వచ్చినట్టే లెక్క’ కాగితం పట్టుకుని జేసీబీ దింపే ధైర్యం మీ ఎండీగారికి ఉందా? చాలామంది దింపరు. సంతకం పడేదాకా ఆగుతారు. చట్టం హక్కు ఇచ్చింది, ఆ హక్కు వాడుకుంటే తర్వాత ఓసీ దగ్గర ఎవరు గుర్తుపెట్టుకుంటారో అని భయం. సాఫ్ట్‌వేర్ ఎంత బాగా పనిచేస్తోందో నాకెవరూ లెక్క చెప్పక్కర్లేదు, గడువు దాటాక ఎంతమంది ధైర్యంగా పని మొదలుపెట్టారో చెప్తే చాలు.

ప్రశ్న: అనుమతి ఉన్న ఇల్లు కూడా చెరువులో ఉందని కూలగొడితే ఇక ఎవరిని నమ్మాలి? – పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడిన దగ్గర్నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంది. చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దులో, కట్టకూడదన్నది సరైనదే, అందులో నాకు రెండో మాట లేదు. చిక్కంతా ఒక శాఖ ఇచ్చిన కాగితాన్ని ఇంకో శాఖ లెక్కచేయకపోవడంలో ఉంది. ఆ ఏడాదే కొన్ని కేసుల్లో అనుమతులిచ్చిన అధికారుల మీద కూడా ఎఫ్‌ఐఆర్‌లు పెట్టారు, అది మంచిదే. కానీ దాని తర్వాత సంతకం పెట్టేవాడి చెయ్యి కూడా వణుకుతుంది, ‘ఎందుకొచ్చిన గొడవ’ అని ఇరిగేషన్‌కి ఒకటి, రెవెన్యూకి ఒకటి రాసి కూర్చుంటాడు. చెరువుల హద్దులు తుది నోటిఫికేషన్‌తో, సర్వే నంబర్లతో అందరికీ కనిపించేలా పెట్టడం ఒక్కటే దారి. స్థలం కొనేముందు అనుమతి కాగితంతో ఆగకుండా చెరువు మ్యాపు కూడా చూసుకోండి.

ప్రశ్న: బిల్డర్లూ అధికారులూ ఒకరినొకరు నమ్ముకుంటే మునిగేది మేమే కదా? – ఫ్లాటు బుక్ చేసుకున్న ఉద్యోగిని, విజయవాడ

జవాబు: మంచి అనుమానమమ్మా. కుమ్మక్కుని కూడా వాళ్లు నమ్మకమనే పిలుస్తారు. వాళ్ల మధ్య నడిచింది మీకు కనిపిస్తోందా లేదా అన్నదే గీటురాయి. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి, ఇంజనీర్, ఆర్కిటెక్ట్, సీఏ ముగ్గురూ ధ్రువీకరిస్తేనే పని జరిగినంత మేరకు తీయాలి. మూడు నెలలకోసారి ఎంత పని అయిందో వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీ ప్రాజెక్ట్ పేజీ తెరిచి ఆఖరి అప్‌డేట్ తేదీ చూడండి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతం కంటే ఎక్కువ అడిగితే ఇవ్వకండి, ఆయన ఎంత పెద్ద పేరున్న బిల్డరైనా సరే.

ప్రశ్న: దసరాకి ఆఫీసులో అందరికీ స్వీట్ బాక్సులు పంపుతాం. అందులో కవరు పెట్టమని ఈసారి ఒకాయన సూచించాడు. పెట్టకపోతే ఫైలు ఆగుతుందేమోనని భయం. ఏం చేయమంటారు? – ఒక మేనేజర్, కరీంనగర్

జవాబు: పెట్టకండి. 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చాక ఇచ్చినవాడిదీ నేరమే, ఏడేళ్ల వరకు జైలు, సంస్థ తరఫున ఇస్తే సంస్థకీ చుట్టుకుంటుంది. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చిందంటే ఏడు రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెప్పినవాళ్లకి మినహాయింపు ఉంది. అసలు ఇవ్వకముందే తెలంగాణ ఏసీబీ నంబరు 1064కి ఫోన్ చేస్తే ఇంకా మంచిది. ఈ ఏడాది స్వీట్లు మీ సైటు కూలీలకి పంచండి.