ప్రార్థన చేస్తున్నా మనసు కుదుటపడకపోతే విశ్వాసం తక్కువైనట్టా?

కష్టాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయని, రోజూ ప్రార్థన చేస్తున్నా రాత్రిళ్లు గుండె దడ తగ్గడం లేదని, మీ విశ్వాసంలోనే లోపం ఉందేమోనని అడిగారు. లోపం ఉందని నేను అనుకోను. ఇదే ప్రశ్నతో నేనూ చాలా రాత్రులు గడిపాను కాబట్టి రాస్తున్నాను.

మూడేళ్ల క్రితం మా అమ్మ 19 రోజులు ఐసీయూలో, వెంటిలేటర్ మీద ఉంది. లోపలికి రోజుకి పది నిమిషాలే పంపేవాళ్లు. మిగతా టైమంతా బయట కుర్చీలోనే. ఆ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మా పేరే పిలుస్తారేమోనని కడుపులో తిప్పేది. ఒకరోజు తెలిసినావిడ ప్రార్థన చేయడానికి వచ్చి, "నువ్విలా ఏడుస్తూ కూర్చుంటే దేవుడు కార్యం ఎలా చేస్తాడు? విశ్వాసం ఉంచు" అంది. ప్రేమతోనే అంది. కానీ ఆ మాటతో నాకు ఇంకో భయం పట్టుకుంది. నేను భయపడటం వల్లే అమ్మకి ఏమైనా అయిపోతుందేమో అని! కష్టంలో ఉన్నవాళ్లకి దయచేసి ఎవరూ ఆ మాట చెప్పకండి. సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే "మరణమగునంతగా నా ప్రాణము బహు దుఃఖములో మునిగియున్నది" అన్నాడు. ఆయనకి విశ్వాసం తక్కువని ఎవరైనా అనగలరా?

అప్పటిదాకా నా ప్రార్థన ఒక్కటే. "ప్రభువా, సమాధానం ఇవ్వు, అమ్మని బాగుచెయ్యి." సమాధానం అంటే ఇక్కడ జవాబు కాదు, బైబిల్ భాషలో మనశ్శాంతి. రోజుకి వందసార్లు అదే మాట. పన్నెండో రోజో పదమూడో రోజో, రాత్రి మూడింటికి, బైబిల్లో అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) నాలుగో అధ్యాయం చదువుతున్నాను. "దేనినిగూర్చియు చింతపడకుడి" దగ్గరే ఎప్పుడూ ఆగిపోయేదాన్ని, అది నన్ను కోప్పడుతున్నట్టు అనిపించి. ఆ రాత్రి తర్వాతి మాట కంటపడింది. "మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి." తెలియజేయాలంటే నా భయం ఏమిటో విడమరిచి చెప్పాలి కదా. చేతిలో ఉన్న మందుల బిల్లు వెనక్కి తిప్పి నా భయాలు రాశాను. వెంటిలేటర్ తీసేస్తే అమ్మకి ఊపిరి ఆడదేమో. ఎల్లుండి కట్టాల్సిన డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది. మూడోది నా చెయ్యే రాసేసింది: ఆసుపత్రికి వచ్చే ముందురోజు అమ్మ మీద విసుక్కున్నాను.

అన్నాళ్లూ నన్ను తినేస్తున్నది ఆ మూడోదే. పన్నెండు రోజులు ప్రార్థన చేస్తూ కూడా దాన్ని ఒక్కసారి పైకి అనలేదు. ఒక్కొక్కటీ చదివి ప్రభువుకి చెప్పాను. కృతజ్ఞత కూడా చెప్పాలని ఆ వచనంలోనే ఉంది. జబ్బు కోసం కృతజ్ఞత చెప్పడం నా వల్ల కాలేదు, చెప్పమని దేవుడు అడుగుతున్నాడని కూడా నేననుకోను. కానీ ఆ సాయంత్రం లోపలికి వెళ్లినప్పుడు అమ్మ జుట్టు చిక్కు తీసి, జడ వేసి, ఒక పక్కకి సర్ది ఉంది. ఎవరో నర్సు తీరిక చేసుకుని వేసింది. దానికి కృతజ్ఞత చెప్పాను. ఆ కుర్చీలోనే రెండు గంటలు నిద్రపోయాను.

భయం పోయిందా? పోలేదు. పొద్దున్నే తలుపు చప్పుడుకి మళ్లీ ఉలిక్కిపడ్డాను. కానీ ఆ తర్వాతి వచనంలో "దేవుని సమాధానము... మీ హృదయములకును మీ తలంపులకును కావలియుండును" అని ఉంది చూడండి, ఆ 'కావలి' అనే మాట అప్పటి నుంచి నాకు తోడుగా ఉంది. పౌలు ఈ పత్రిక రాసింది బంధకాల్లో, అంటే ఖైదీగా ఉండి. బతుకుతాడో చనిపోతాడో ఇంకా తేలలేదు, మొదటి అధ్యాయంలో ఆయనే ఆ మాట అంటాడు. ఒకప్పుడు దమస్కులో తనను పట్టుకోవడానికి పట్టణానికి కావలి పెట్టారని కొరింథీయులకు రాసినప్పుడూ ఇదే మాట వాడాడు. కావలి అంటే ఏమిటో బాగా తెలిసిన మనిషి. ప్రమాదం ఉన్నచోటే కదా కావలి పెడతారు. నా లోపల భయం ఇంకా ఉందంటే దేవుని సమాధానం లేనట్టు కాదని అప్పుడు అర్థమైంది.

పంతొమ్మిదో రోజు అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఎందుకు అన్న ప్రశ్నకి సమాధానం నాకు ఇప్పటికీ రాలేదు. పౌలు చెప్పిన సమాధానం మాత్రం ఆ రోజు కూడా ఉంది. ఏడుస్తూనే, చేయాల్సిన పనులు చేయగలిగాను.

ఇంకో సంగతి. బైబిల్లో ఏలీయా ప్రవక్త ఒక చెట్టు కింద పడుకుని "నా ప్రాణం తీసుకో" అన్నప్పుడు దేవుడు ముందు బోధ చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూతని పంపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. కాబట్టి వారాల తరబడి నిద్ర లేకపోతే, తిండి సహించకపోతే, బతకాలనిపించకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈ చివరిది ఉంటే ఇవాళే వెళ్లండి. అమ్మ పోయాక నేను కొన్ని నెలలు మందులు వాడాను. అవి వేసుకుంటూనే ప్రార్థన చేశాను.

ప్రార్థనకి మాటలు రాకపోతే 13వ కీర్తన పైకి చదవండి, ఆరే వచనాలు. ఎంతకాలం, ఎంతవరకు అని దేవుణ్ణి నిలదీస్తూ మొదలవుతుంది. అది కూడా బరువుగా అనిపిస్తే తుఫానులో, పడవలో నిద్రపోతున్న యేసుని లేపి శిష్యులు అన్నదే అనండి: "మేము నశించిపోవుచున్నాము; నీకు చింతలేదా?" అంత మాట అన్నా ఆయన లేచాడు, ముందు గాలిని గద్దించాడు. వాళ్ల భయం గురించి అడిగింది ఆ తర్వాతే.

ఒంటరిగా మాత్రం ఉండకండి. గెత్సేమనేలో ప్రభువు కూడా "నాతోకూడ మెలకువగా నుండుడి" అని స్నేహితుల్ని అడిగాడు. ఈ రాత్రి దడ మొదలైతే నమ్మకమున్న ఒక్కరికి ఫోన్ చేయండి. వాళ్లకి ప్రార్థన చేయడం రాకపోయినా ఫర్వాలేదు, కాసేపు లైన్‌లో ఉండమనండి. మీ భయాల్లో బయటికి అనలేకపోతున్నది ఏదైనా ఉంటే, వివరాలేవీ లేకుండా ఒక్క ముక్క ఇక్కడ రాసినా చాలు, దాని కోసం నేను ప్రార్థన చేస్తాను.